పావురాలు అలగలేదమ్మా

పర్లాకిమిడి,
రజొ పండగ వెళ్ళిన మర్నాడు.

చిరంజీవి అమ్మడికీ, తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మీ బాబాయి చేత నువ్వు పంపిన ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఫోన్లో అడిగేస్తే పోయేదానికి కూర్చుని కాగితం మీద రాశావు. బళ్ళో ఒడియా చదువుతూ కూడా తెలుగు ఒత్తులు ఇంత శుభ్రంగా రాస్తున్నందుకు చాలా సంతోషం. పక్కింటివాళ్ళు పంపిన పొడొ పిఠా తింటూ చదివాను. నాలుగో లైను దగ్గరకు వచ్చేసరికి పిఠా ముక్క గొంతులోనే ఆగిపోయింది.

"ఆశా కార్యకర్త దీదీ వచ్చి నూతిలో బ్లీచింగ్ వేసింది. నీళ్ళలో పురుగులు చస్తాయంది. మిగిలిన పొడి ఒక చెంచాడు నేను పావురాల గిన్నెలో వేశాను. పొద్దుటి నుంచి అవి నీళ్ళు ముట్టడం లేదు. తాతయ్యా, అలిగాయా?"

అందుకే నిన్న దీపాలు పెట్టే వేళ మీ అమ్మకు ఫోన్ చేసి ఆ నీళ్ళు పారబోయించాను. గిన్నె మూడుసార్లు కడిగి, మీరు తాగే బిందెలోని నీళ్ళు పొయ్యమన్నాను. పోసీ పొయ్యగానే అన్నీ వచ్చి గిన్నె చుట్టూ మూగాయట. చూశావా, అలక కాదు. అవి నీకంటే జాగ్రత్త గలవి, అంతే.

నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఒక లెక్క చెబుతాను. మంచి బ్లీచింగ్ పొడి 2.5 గ్రాములు వేస్తే దాదాపు 1000 లీటర్ల నూతినీళ్ళకు సరిపోతుంది. అంటే లీటరుకు 2.5 మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజ ఇరవై మిల్లీగ్రాముల దాకా తూగుతుంది. ఆ గింజను ఎనిమిది ముక్కలు చేసి అందులో ఒక్క ముక్కంత పొడి తీస్తే ఒక లీటరుకు చాలన్నమాట. నువ్వు వేసింది చెంచాడు. అదీ రెండు లీటర్ల గిన్నెలో. మీ డాబా మీద నల్లటి ట్యాంకు ఉందే, దానికి సరిపడా మందును మూకుడంత గిన్నెలో కలిపేశావు. పావురాలు ముట్టుకోకపోవడమే మంచిదైంది.

"మరి మనం తాగే నీళ్ళలో వేస్తారు కదా?" అంటావు. వేస్తారు. ఆ పొడిలో పురుగులను చంపేది క్లోరిన్. ఊరి కుళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరు నీటిలో అది కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని మన దేశంలో ప్రమాణం కూడా ఉంది. ఆ "మిగిలి ఉండాలి" అన్న మాటలోనే ఉంది సంగతంతా. అది చెప్పడానికి నిన్ను సంతకు తీసుకెళతాను.

నేను సంతకు బయలుదేరాననుకో, గొడుగు కొనడానికి. జేబులో మూడు వందలు. గొడుగుల కొట్టు సంత చివర్న ఉంటుంది. మీరిద్దరూ నా చెరో చెయ్యి పట్టుకున్నారు. మొదట్లోనే పుణుగుల బండి. తర్వాత బూరలు. తర్వాత నీకు గాజులు, వాడికి ప్లాస్టిక్ జీపు. సంత చివరికి చేరేసరికి జేబులో చిల్లర. గొడుగు రాలేదు, వాన మాత్రం వచ్చింది. నీళ్ళలో వేసిన క్లోరిన్ కూడా మీ తాతయ్య జేబులో డబ్బు లాంటిదే. దానికి రోగం తెచ్చే పురుగు ఏదో, రెట్ట ఏదో, నానిన జొన్నగింజ ఏదో తేడా తెలీదు. ఎదురైన ప్రతి మురికి మీదా ఖర్చవుతూ పోతుంది. గిన్నె నిండా పాచి, రెట్ట ఉంటే అసలు పురుగు దగ్గరకు వెళ్ళేలోగానే అయిపోతుంది. ఈ తొలకరి బురదనీళ్ళలో కూడా అంతే. అందుకే మందు వెయ్యకముందు నీళ్ళను గుడ్డతో వడకట్టి, తేరనిచ్చి, పైనీళ్ళు వంచుకోవాలి.

సంత ఈ చివర్నించి ఆ చివరకు నడవడానికి నాకు అరగంట పడుతుంది. క్లోరిన్‌కు కూడా ఆ అరగంట ఇవ్వాలి. వేసిన వెంటనే పని అయిపోదు. దారిలో జేబుదొంగ ఒకడుంటాడు, వాడి పేరు ఎండ. ఎండలో గిన్నె పెడితే క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది. ఇక మూడు వందలకు బదులు మూడు లక్షలు జేబులో పెట్టుకుని వెళితే? గొడుగు వస్తుంది, నిజమే. కానీ మిగిలిన డబ్బు ఊరుకోదు కదా! నీళ్ళతోపాటు పావురం లోపలికి వెళ్ళి అక్కడ ఖర్చు మొదలుపెడుతుంది. నోట్లో, గొంతులో, పేగుల్లో ఉండే మెత్తటి పొరను మండిస్తుంది. పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి, వాటినీ వదలదు. ఇంకో సంగతి, కొన్ని కొట్లవాళ్ళు ఈ నోటు అసలు తీసుకోరు. కాక్సీడియా అని ఒక జీవి ఉంది, పావురాల పేగుల్లో చేరి విరేచనాలు పట్టిస్తుంది. అది రెట్టతో బయటకు వచ్చేటప్పుడు గట్టి పెంకు కట్టుకుని వస్తుంది. తాగేనీళ్ళలో వేసే క్లోరిన్‌కు ఆ పెంకు లొంగదు. దానికి గూడు పొడిగా ఉంచడం, సలసల కాగే నీళ్ళతో కడగడమే మందు.

మీ బామ్మ ఇదంతా వెనక నుంచి చదివి, "ఇంతకీ గొడుగు కొన్నారా లేదా?" అంటోంది. కాబట్టి సంత ఇక్కడితో కట్టేస్తున్నాను.

నిన్ను నేను కోప్పడకపోవడానికి ఒక కారణం ఉంది. నీ వయసులో నేను ఇదే పని, ఇంతకంటే ఘనంగా చేశాను. మా ఇంటి చూరు కింద కుండలు అడ్డంగా కట్టి పద్నాలుగు పావురాలను పెంచేవాణ్ణి. మా చిన్నమామయ్య దగ్గర గోధుమరంగు సీసాలో పర్మాంగనేటు పలుకులు ఉండేవి. కలరా రోజుల్లో నూతుల్లో వేసేవారు దాన్ని. మామయ్య అప్పుడప్పుడు పావురాల నీళ్ళలో ఒక పలుకు వేసేవాడు. ఉందా లేదా అనిపించేటంత లేత గులాబి రంగు. నాకు ఆ రంగు భలే నచ్చింది. ఒకరోజు మామయ్య పని మీద బరంపురం వెళ్ళాడు. నేను ఇంకో పలుకు, ఇంకో పలుకు వేస్తూ కూర్చున్నాను. నీళ్ళు నేరేడుపండు రంగు తేలాయి. మురిసిపోయి బడికి పోయాను.

అది మే నెల. ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా పావురాలు తాగలేదు. ఒక జంటకు గూట్లో పిల్లలున్నాయి. నీకు తెలుసో లేదో, పావురాలు పిల్లలకు పాలిస్తాయి. ఆవుపాల లాంటివి కావు. తల్లీ తండ్రీ ఇద్దరి మెడ కింది తిత్తిలోనూ పెరుగు తరకల్లాంటిది ఊరుతుంది. మొదటి రోజుల్లో పిల్లలకు అదే తిండి. పెద్దవాటికే నీళ్ళు లేకపోతే పిల్లలకు ఏం పెడతాయి? రెండు పిల్లల్లో ఒకటి చచ్చిపోయింది. ఇప్పటికీ జామచెట్టు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది, దాని కిందే పాతిపెట్టాం.

మామయ్య వచ్చి నన్ను కొట్టలేదు. గిన్నెలో వేలు పెట్టి అడుగు రాయమన్నాడు. రాశాను. జారుడుగా, జిగురుగా ఉంది, పాకుడు మెట్టులాగా. "ఎన్నాళ్ళైందిరా దీన్ని తోమి?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రంగు వెయ్యడం సరదా, గిన్నె తోమడం సరదా కాదు. నేనే కాదు, పావురాలు పెంచే పెద్దవాళ్ళు చాలామంది ఇప్పటికీ ఇంతే. ఈ చుక్కలు, ఆ పొడి అంటూ అంగళ్ళ వెంట తిరుగుతారు, గిన్నె మాత్రం తోమరు. ఆ జిగురు ఉందే, అది పురుగుల ఇల్లు. దాని లోపల దాక్కున్న వాటిని పైన నీళ్ళలో కలిపిన మందు అంత తేలిగ్గా అందుకోలేదు. కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దితే నిమిషంలో పోతుంది.

నీళ్ళ వల్ల వచ్చే జబ్బుల్లో పావురాలవాళ్ళు ఎక్కువ భయపడేది గొంతు పొక్కుకు. నోరు తెరిచి చూస్తే లోపల పసుపుపచ్చగా, జున్నుముక్క అతికించినట్టు కనబడుతుంది. ముదిరితే మింగలేదు, ఊపిరాడదు. ట్రైకోమోనాస్ అనే కంటికి కనబడని జీవి దానికి కారణం. పెద్ద పావురం గొంతులో అది ఏ బాధా పెట్టకుండా కూర్చుని ఉండొచ్చు. ఆ పావురం గిన్నెలో ముక్కు ముంచినప్పుడు నీళ్ళలోకి దిగుతుంది, తర్వాత తాగిన దాని గొంతులోకి ఎక్కుతుంది. పాలతోపాటు పిల్లలకూ పోతుంది. అయితే దానికో బలహీనత ఉంది. తడి లేకపోతే బతకలేదు. ఇక రెట్టలు, ఎలుకల పెంటికలు పడ్డ నీళ్ళతో సాల్మొనెల్లా వస్తుంది. రెట్ట పచ్చగా నీళ్ళలా పడుతుంది, రెక్క వేలాడేస్తుంది, కీళ్ళు వాస్తాయి. అలాంటి పక్షిని విడిగా పెట్టి, నాన్నతో పశువుల ఆసుపత్రికి పంపాలి. నీళ్ళలో ఏదో ఒకటి కలిపి నయం చేద్దామనుకోవద్దు.

కాబట్టి నీకు పని చెబుతున్నాను. గిన్నెలు రెండు పెట్టుకో. ఒకటి వాడుకలో ఉంటే రెండోది తోమి, బోర్లించకుండా ఎండలో ఎండాలి. మర్నాడు మార్చు. తడి లేకపోతే బతకలేదన్నానే, దాన్ని ఎండే చంపుతుంది, నీకు పైసా ఖర్చు లేదు. నిండుగా ఉన్న గిన్నెను మాత్రం నీడలో, ఇటుక మీద పెట్టు. అవి కూర్చునే కర్ర కింద పెట్టకు, ఎందుకో నీకే తెలుసు. పొద్దున, సాయంత్రం నీళ్ళు మార్చు. ఒక్కో పావురం రోజుకు తాగేది 30 నుంచి 60 మిల్లీలీటర్లు, మన చిన్న టీగ్లాసుడు. ఎండాకాలంలో, పిల్లలున్నప్పుడు ఇంకా ఎక్కువ. స్నానానికి వేరే పళ్ళెం పెట్టి, స్నానాలు అయ్యాక పారబోసెయ్. వాటికని ప్రత్యేకం ఏ మందూ కలపక్కర్లేదు. మీరు తాగే నీళ్ళే పొయ్యి. కాచి చల్లార్చినవైతే సరే, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఉంచినవైనా సరే. మాత్ర ఎన్ని లీటర్లకని చీటీ మీద ఉంటే అన్ని లీటర్లకే, అదీ అమ్మ చేత వేయించు.

బ్లీచింగ్ పొడిని నువ్వు ముట్టుకోవద్దు. గిన్నెను తెల్లగా చెయ్యాలని దాంతో చింతపండు గానీ నిమ్మకాయ గానీ కలిపితే ఘాటు గాలి పుడుతుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇది మాత్రం తమ్ముడికి రెండుసార్లు చదివి వినిపించు. పావురాల గిన్నెను అన్నం గిన్నెల దగ్గర తోమకు. గూడు చిమ్మేముందు రెట్టల మీద నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకో. ఎండిన రెట్ట దుమ్ము మనుషుల ఊపిరికి మంచిది కాదు. తర్వాత సబ్బుతో చేతులు.

చాలా చెప్పేశాను. కొంచెం కబుర్లు చెబుతాను. 1946లో మన ఒడిశాలోనే, కొరాపుట్ జిల్లాలో పోలీసులు పావురాలతో కబుర్లు పంపడం మొదలుపెట్టారు, సైన్యం దగ్గరున్న 200 పావురాలను తెచ్చుకుని. వైర్‌లెస్ లేని కొండ ఠాణాలకు అవే టపా. మా చిన్నప్పుడు ఆ కథలు విని నేనూ ఒక పోలీసు పావురాన్ని తయారుచేద్దామనుకున్నాను. ఊరి చివర వదలడం, తర్వాత ఇంకొంచెం దూరం, అలా నేర్పాను. చివరికి బుట్టలో పెట్టుకుని మన చిన్న రైలెక్కాను. 1900లో మొదలైన రైలది, ఇప్పుడు నువ్వెక్కే పెద్ద గేజు బండి కాదు. బండి నడుస్తుండగా దిగి రేగుపళ్ళు కోసుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళమని మేం గొప్పలు చెప్పుకునేవాళ్ళం. కాశీనగర్‌లో దిగి మూత తీశాను. ఒక చుట్టు చుట్టి పోయింది. నేను తిరుగు బండిలో ఇంటికి చేరేసరికి అది ఎప్పుడో వచ్చేసింది. మా అమ్మ చెప్పింది: రాగానే గింజల వైపు చూడలేదట, గూట్లోకి పోలేదట. తిన్నగా నీళ్ళ గిన్నె మీద వాలిందట. ఆ రోజు గిన్నె తోమి ఉంది, నేనే తోమాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటి మిగిలింది. రేపు పొద్దున నీళ్ళు పోశాక లోపలికి పారిపోకుండా గుమ్మం దగ్గర కదలకుండా కూర్చో. ముందు ఎదురింటివాళ్ళ కోడి నీళ్ళు తాగడం చూసి రా. ఒక్క బొట్టు ముక్కున పట్టి, తల పైకెత్తి, గుటక వేసి, మళ్ళీ వంగుతుంది. తర్వాత నీ పావురాన్ని చూడు. ముక్కు సగానికి పైగా ముంచి, తల ఎత్తకుండా, ఆవులాగా పీలుస్తుంది. మెడ మీద ఆకుపచ్చా ఊదా మెరిసే చోట ఈకలు చిన్నగా కదులుతుంటాయి, అక్కడ చూడు. చాలా పక్షులు తలెత్తుతుంటే ఇది ఇలా ఎందుకు నేర్చుకుందో అడిగితే నేను చెప్పలేను. అరవై ఏళ్ళ నుంచి చూస్తూనే ఉన్నాను.

ముక్కు ముంచిన దగ్గర్నుంచి ఎత్తే దాకా తమ్ముణ్ణి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమను. ఎంత దాకా వచ్చిందో రాసి బాబాయి చేతికివ్వు. ఆదివారం వస్తాడు.

మీ తాతయ్య