నూటికి యాభై ఒకటి

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది అడిగిన ప్రశ్నకు సగంలో లైను తెగిపోయింది. "స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీ చేసి పాఠాలు చెప్పుకోవాలా, ఏదైనా ఫండ్‌లో క్వాంట్‌గా చేరాలా? ఎటు వెళితే అటే కదా తాతయ్యా, మళ్లీ వెనక్కి రాలేం కదా?" అంది. (క్వాంట్ అంటే లెక్కల సాయంతో ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో తేల్చేవాళ్లు.) వెనకనుంచి పెద్దాడు "జీతం చూసుకోవే!" అని అరవడమూ వినపడింది. వాడు ఆ సాయంత్రమే నాకు ఒక ఫొటో కూడా పంపాడు: ఫోన్ యాప్‌లో 30 ట్రేడ్లు, అందులో 21 లాభం. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఒకాయన గురించి చెప్తాను. పేరు నిక్ ప్యాటర్సన్. 1947లో లండన్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివింది స్వచ్ఛ గణితం, గ్రూప్ థియరీ. పీహెచ్‌డీ కాగానే బ్రిటిష్ ప్రభుత్వం తరఫున రహస్య సంకేతాలు ఛేదించే కొలువు, ఆ తర్వాత అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో అదే పని. మొత్తం ఇరవయ్యేళ్లకు పైమాటే. 1993లో రెనసాన్స్ టెక్నాలజీస్ అనే ఫండ్‌లో చేరాడు. దాన్ని పెట్టిన జిమ్ సైమన్స్ కూడా లెక్కలవాడే, ఒకప్పటి గణితం ప్రొఫెసర్. 2001లో, యాభై దాటాక, అక్కడినుంచి బయటికొచ్చి ప్యాటర్సన్ జన్యుశాస్త్రంలో పడ్డాడు. బోస్టన్ పక్కన బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో మనుషుల డీఎన్ఏ లెక్కలు చూశాడు. గూఢచర్యం, వ్యాపారం, జీవశాస్త్రం. చూడ్డానికి మూడు ఉద్యోగాలు. నన్నడిగితే ఆయన చేసింది ఒకటే ఉద్యోగం. ఎందుకో చెప్తాను.

ఒక రూపాయి బిళ్ల ఉందనుకోండి. కొంచెం వంకర. నూటికి యాభై కాకుండా యాభై ఒకసారి బొమ్మ పడుతుంది. నూరుసార్లు ఎగరేస్తే మీకా వంకర తెలుస్తుందా? తెలియదు. మామూలు బిళ్ల అయినా నూరింట్లో అటూ ఇటూ అయిదు తేడా రావడం సహజం. ఆ అయిదులో ఈ ఒకటి మునిగిపోతుంది. పదివేలసార్లు వేస్తే సహజమైన ఊగిసలాట 50, వంకర వల్ల వచ్చే అదనం 100. ఇప్పుడు కాస్త అనుమానం. పది లక్షలసార్లు వేస్తే ఊగిసలాట 500, అదనం 10,000. ఇక గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. చూశారా, సంఖ్య నూరింతలు పెరిగితే ఊగిసలాట పదింతలే పెరుగుతుంది, అదనం మాత్రం నూరింతలూ పెరుగుతుంది. ముప్ఫై ఏళ్లు డిగ్రీ క్లాసుల్లో ఇది చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా నాకే కొత్తగా ఉంటుంది.

రెనసాన్స్ లాంటి చోట జరిగే పని ఇదే. రేపు ఈ షేరు పెరుగుతుందని అక్కడ ఎవరూ గుండెమీద చెయ్యేసుకుని చెప్పరు. యాభైకి కాస్త పైన, బ్రోకరేజీ ఖర్చులు పోను మిగిలేటంత వంకర ఎక్కడుందో వెతుకుతారు. దొరికితే లక్షలసార్లు వేస్తారు. అక్కడ అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఒక చలరాశితో చేసే మామూలు రిగ్రెషనే అని ప్యాటర్సన్ ఒక సంభాషణలో చెప్పాడు. మీరు బీఎస్సీ రెండో ఏడాదిలో గ్రాఫ్ కాగితం మీద చుక్కల మధ్యనుంచి గీసే సరళరేఖే అది. కష్టమంతా ఆ సులువైన దాన్ని తప్పులేకుండా చెయ్యడంలో ఉందట.

పద్ధతులు కూడా ఊళ్లు తిరుగుతాయి. లెనార్డ్ బామ్ అని ఒక గణితవేత్త 1960లలో ప్రిన్స్‌టన్‌లోని ఆ సంకేతాల సంస్థలోనే పనిచేశాడు. ఆయన, సహచరులు కలిసి తీర్చిదిద్దిన లెక్కను హాస్టల్ భాషలో చెప్తాను. మీ మెస్‌లో ఇద్దరు వంటవాళ్లు వంతులవారీగా వస్తారు. వంటింట్లోకి మిమ్మల్ని రానివ్వరు. ఏరోజు ఎవరొచ్చారో తెలియదు. మీ పళ్లెంలోకి వచ్చే సాంబారు రుచి మాత్రం తెలుసు. నెలల తరబడి రుచులు రాసిపెట్టుకుని, ఎవరి చెయ్యి ఎలాంటిదో, వాళ్లు ఎన్నాళ్లకోసారి మారుతున్నారో బయటినుంచే తేల్చెయ్యాలి. హిడెన్ మార్కోవ్ మోడల్ అంటే ఇంతే. దాన్ని మనిషి మాట గుర్తుపట్టే యంత్రాలకు ఐబీఎమ్ వాడింది. అక్కడ ఆ పని చేసిన పీటర్ బ్రౌన్, రాబర్ట్ మెర్సర్ 1993లో రెనసాన్స్‌కు వెళ్లారు. బామ్ అయితే 1970ల చివర్లోనే సైమన్స్‌తో కలిసి కరెన్సీ వ్యాపారంలో దిగాడు. ఒక మనిషి జన్యువులో ఏ ముక్క ఏ పూర్వీకుల జనాభా నుంచి వచ్చిందో తేల్చడానికి 2009లో ప్యాటర్సన్ బృందం వాడిందీ ఆ రకం లెక్కే. వంటవాళ్లు మారారు, సాంబారు మారింది, అంతే.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. నేను పడ్డాను కాబట్టి దాని లోతు తెలుసు.

1992 మొదట్లో షేర్లు ఆకాశంలో ఉన్నాయి. కాలేజీ స్టాఫ్‌రూములో టీ కన్నా షేర్ల మాటలే వేడిగా ఉండేవి. పీఎఫ్ మీద అప్పు తీసి అయిదు కంపెనీల షేర్లు కొన్నాను. ఒకటి పడినా నాలుగు నిలబడతాయి కదా అని నా ధీమా. ఏప్రిల్‌లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. అయిదూ పడ్డాయి. ఒకదాని వెనక ఒకటి కూడా కాదు, చేతులు పట్టుకుని. నేను వేసింది అయిదు పందేలు కాదు, ఒకే పందెం అయిదు పేర్లతో. తమాషా ఏమిటంటే ఆ నెలలో బోర్డు మీద నేను చెప్తున్న పాఠం సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంతవరకు కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి అన్నది. మీ నానమ్మ ఏమీ అనలేదు. "పిల్లలకి పాఠం బాగా చెప్తున్నారా?" అని మాత్రం అడిగింది.

పది లక్షల పందేల లెక్క నిలవాలంటే ఒకదానికొకటి సంబంధం లేని పందేలు కావాలి. 2007 ఆగస్టు మొదటి వారాల్లో అమెరికాలో చాలా క్వాంట్ ఫండ్లు ఒక్కసారిగా నష్టపోయాయి. ఎవరికి వారు వేరే సూత్రం కనిపెట్టామనుకున్నారు, తీరా చూస్తే అందరి సంచుల్లోనూ ఇంచుమించు అవే షేర్లు. ఒకరు అమ్మడం మొదలెడితే అందరి మీదా పడింది. రెనసాన్స్‌కూ దెబ్బ తప్పలేదు.

ఇప్పుడు జన్యువుల దగ్గరికి రండి. ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తాల్ అనే మానవజాతితో మన పూర్వీకులు కలిశారా, పిల్లల్ని కన్నారా అన్నది పాత ప్రశ్న. 2010లో వచ్చిన జవాబులో ప్యాటర్సన్ చేయి ఉంది. పరీక్ష ఎంత సులువో చూడండి. ఒక ఆఫ్రికా మనిషి, ఒక యూరప్ మనిషి, ఒక నియాండర్తాల్, పోలికకు ఒక చింపాంజీ. డీఎన్ఏ అంటే నాలుగు అక్షరాలతో రాసిన పొడవాటి వరస అనుకోండి. అందులో నియాండర్తాల్ అక్షరం చింపాంజీకి తేడాగా ఉండి, మనుషులిద్దరూ కూడా ఒకరితో ఒకరు విభేదించే చోట్లన్నీ ఏరాలి. అలాంటి ప్రతి చోటా నియాండర్తాల్ వైపు ఎవరున్నారు? కలయికే జరగకపోతే చెరిసగం, మామూలు బిళ్ల. జరిగి ఉంటే బిళ్ల వంకర. లెక్కపెడితే యూరప్ మనిషి వైపు కాస్త మొగ్గింది. చైనా మనిషిని పెట్టినా అంతే. ఆఫ్రికా బయటి మనుషుల జన్యువుల్లో నూటికి ఒకటి నుంచి నాలుగు వంతులు అటునుంచి వచ్చినవేనని అప్పుడు అంచనా వేశారు.

ఇందులోనూ అదే గొయ్యి పొంచి ఉంది. డీఎన్ఏలో పక్కపక్క అక్షరాలు ఒకే ముక్కగా తల్లిదండ్రుల నుంచి వస్తాయి. వాటిని విడివిడి సాక్షులుగా లెక్కిస్తే నా అయిదు కంపెనీల కథే. అందుకని జన్యువును పెద్ద పెద్ద ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను తీసేసి మళ్లీ మళ్లీ లెక్కిస్తారు. ఫలితం ఎంత ఊగుతుందో అలా తేలుతుంది. జాక్‌నైఫ్ అంటారు. 1950ల నాటి పాత పనిముట్టే.

మన హైదరాబాదుకూ ఈయనతో సంబంధం ఉంది. 2009లో ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్‌లు అమెరికా జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్, ప్యాటర్సన్‌లతో కలిసి మన దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులు పరిశీలించారు. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. దేశంలో చాలా సమూహాలు ఉత్తరాది, దక్షిణాది అనే రెండు పాత జనాభాల మిశ్రమమని, ఉత్తరాది పూర్వీకుల వాటా సమూహాన్ని బట్టి 39 నుంచి 71 శాతం దాకా ఉందని తేల్చారు. మా కులం కల్తీలేనిదని మీసం తిప్పేవాళ్లకు ఆ పట్టిక చూపించాలని నాకు మహా సరదా. దీనికి ముందే మన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు విశాఖలో ఎమ్మే చదివి, కలకత్తా వెళ్లి, 1946లో కేంబ్రిడ్జి మ్యూజియంలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు లెక్కగట్టారు. అంటే ఎముకలున్నప్పుడు ఎముకలు, డీఎన్ఏ వచ్చాక డీఎన్ఏ.

జీతం మాట: పెద్దాడు చెప్పింది అబద్ధం కాదు. ఫండ్లో వచ్చేది లెక్చరర్‌కు కలలో కూడా రాదు. కాకపోతే అక్కడ కనిపెట్టింది అక్కడే ఉండిపోవాలి. రెనసాన్స్‌లో ఎనిమిదేళ్లు ప్యాటర్సన్ ఏ వంకర పట్టుకున్నాడో మనకు తెలియదు, తెలియనివ్వరు కూడా. జన్యువుల మీద రాసినవి ఎవరైనా చదవొచ్చు, తప్పులు పట్టొచ్చు. నేను మాస్టర్ని కాబట్టి నాకు రెండోదే ముద్దు, ఈ తీర్పులో నా పక్షపాతం ఉంది. ఇంకోవైపు, కాలేజీలో తప్పుడు వ్యాసం రాస్తే పదేళ్లు ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మార్కెట్ సాయంత్రానికల్లా చెప్పేస్తుంది. ఆ క్రమశిక్షణ ప్యాటర్సన్‌కు తర్వాత పనికొచ్చే ఉంటుందని నా ఊహ. కాబట్టి చిన్నదానా, వెనక్కి రాలేమన్న భయం మాత్రం వద్దు.

ఇక పెద్దాడా, నీ 30లో 21. మామూలు బిళ్ల 30సార్లు వేస్తే 15 చుట్టూ రెండు మూడు తేడా సహజం. నీది ఆరు. పైకి బాగానే ఉంది. అయితే ఆ ఫొటోలో తేదీలు కనపడలేదు. ఆ 21లో ఎన్ని ఒకే రోజు వేశావు? ఎన్ని బ్యాంకు షేర్లు? తేదీలతో సహా కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. అసలు ఎన్ని పందేలు వేశావో ఇద్దరం కలిసి లెక్కపెడదాం.

మీ
తాతయ్య