హౌలాండ్ చేరని విమానం

"మీ పైనే ఉండి ఉంటాం, కానీ మీరు కనిపించడం లేదు. ఇంధనం తగ్గిపోతోంది." 1937 జులై 2 ఉదయం 7.42కి పసిఫిక్ మధ్యలో నిలిచిన అమెరికా తీర రక్షణ నౌక ఇటాస్కా రేడియోలో వినిపించిన గొంతు అమీలియా ఇయర్‌హార్ట్‌ది. అయిదేళ్ల కిందట అట్లాంటిక్‌ను విమానంలో ఒంటరిగా దాటిన తొలి మహిళ ఆమె. ఇప్పుడు భూగోళాన్ని చుట్టే ప్రయాణంలో మయామీ, కరాచీ, కలకత్తా దాటి, న్యూగినీలోని లే నుంచి నావిగేటర్ ఫ్రెడ్ నూనన్‌తో బయలుదేరింది. గమ్యం 4,100 కిలోమీటర్ల అవతల, ఇటాస్కా కాచుకుని ఉన్న హౌలాండ్. కిలోమీటరు వెడల్పు కూడా లేని చదునైన దీవి!

అసలు చిక్కంతా రేడియోలోనే ఉందని నాకనిపిస్తుంది. ఆమె మాటలు నౌకకు స్పష్టంగా అందాయి, నౌక మాటలు ఆమెకు అందలేదు. ఆమె కోరిన 7500 కిలోసైకిళ్ల మీద పంపిన సంకేతం మాత్రం విన్నది. అంత ఎక్కువ పౌనఃపున్యంలో దిశ పట్టడం ఆమె పరికరానికి సాధ్యం కాలేదు. 8.43కి, 157-337 రేఖ (దిక్సూచి డిగ్రీల్లో చెప్పే, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే గీత) మీద ఉత్తర దక్షిణాలుగా ఎగురుతున్నామన్న కబురు వచ్చింది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

యుద్ధనౌకలు, విమానాలు రెండు వారాలకు పైగా గాలించాయి. 1939 జనవరిలో న్యాయస్థానం ఆమె మరణించినట్టు ప్రకటించింది.

జపాన్ సైన్యం బంధించిందన్న వాదానికి 2017లో ఒక ఫొటోను సాక్ష్యంగా చూపారు. అది 1935లోనే అచ్చయిన పుస్తకంలోదని తేలింది. 2024లో సముద్రగర్భంలో విమానంలా కనిపించిన ఆకారం చివరికి రాయి.

నన్ను వదలనిది నికుమరోరో దీవి. హౌలాండ్‌కు ఆగ్నేయంగా, దాదాపు ఆ 157-337 రేఖ మీదే ఉంటుంది. 1940లో అక్కడ బ్రిటిష్ అధికారి జెరాల్డ్ గల్లఘర్‌కు మనిషి ఎముకలు, చెప్పు ముక్కలు, సెక్స్‌టెంట్ (సూర్యుడు, నక్షత్రాల ఎత్తు కొలిచి దారి తెలుసుకునే పరికరం) పెట్టుకునే ఒక పెట్టె దొరికాయి. ఎముకలు ఫిజీకి వెళ్లాయి. 1941లో డాక్టర్ హూడ్‌లెస్ కొలిచి, అవి మగమనిషివని రాశాడు. అదే కొలతలను 2018లో మళ్లీ లెక్కగట్టిన మానవశాస్త్రవేత్త రిచర్డ్ జాంట్జ్, అవి అమీలియాకు బాగా సరిపోతాయన్నారు. కొలతల మీద ఎంతయినా వాదించుకోవచ్చు. ఒక్క ఎముక మిగిలి ఉన్నా డీఎన్ఏ పరీక్షతో తేలిపోయేది. అవి ఫిజీలోనే కనిపించకుండా పోయాయి.