పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కన ఎవరు ఆడాలి?

బాస్కెట్‌బాల్ జిల్లా జట్టు సెలక్షన్స్ వచ్చిన ప్రతిసారీ విజయవాడలోనూ గుంటూరులోనూ ఒకే వాదన లేస్తుంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని సీనియర్ల జట్టులోకి తీసుకోవాలా? తీసుకుంటే కోర్టులోకి దింపాలా, బెంచీ మీద కూర్చోబెట్టి చూసి నేర్చుకోమనాలా? తల్లిదండ్రులది ఒక మాట, పీఈటీలది ఇంకో మాట, ముప్పై దాటినా ఇంకా ఆడుతున్నవాళ్లది మరో మాట. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ మన టైమ్ ప్రకారం ఉదయం ఆరింటికి మొదలవుతాయి కాబట్టి, మ్యాచ్ ఫోన్లో చూసి కోర్టుకొచ్చే పిల్లలు ఉదాహరణలన్నీ అక్కణ్నుంచే తెస్తారు. ఆ ఉదాహరణల వెనక ఏం జరిగిందో పూర్తిగా తెలిస్తే ఈ వాదన వేరేలా సాగుతుందని నా నమ్మకం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కుర్రాడికి పక్కన సీనియర్ కావాలి, ఆడటానికి నిమిషాలూ కావాలి. రెండిట్లో ఏది కరువైనా పని చెడుతుంది. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రెండూ దొరికే చోటికి చేరేలోపే చాలామంది పిల్లలు ఆట మానేస్తున్నారు.

ఎన్‌బీఏ 1946లో మొదలైంది. తొలి దశాబ్దాల్లో అక్కడ ఈ ప్రశ్నే లేదు. హైస్కూల్ పూర్తయి నాలుగేళ్లు గడిస్తేగానీ ఆటగాణ్ని లీగ్‌లోకి రానిచ్చేవారు కాదు. అంటే వచ్చేవాడికి అప్పటికే 21, 22 ఏళ్లు. కాలేజీ జట్టులో సీనియర్ల కింద ఎదిగి, తనూ సీనియరై, ఆ తర్వాతే వచ్చేవాడు. ఈ నిబంధనను బద్దలుకొట్టింది స్పెన్సర్ హేవుడ్. మిసిసిపీ పత్తి చేలల్లో చిన్నప్పుడే పని చేస్తూ పెరిగినవాడు (ఆ బాల్యం ఎలా ఉంటుందో గుంటూరు జిల్లా వాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు). ఇంటి పరిస్థితి అలాంటిది కనుక గడువు తీరేదాకా ఆగకుండా 1970లో సియాటిల్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971లో తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. అక్కణ్నుంచి తలుపు తెరుచుకుంది. 1975లో ఇద్దరు కుర్రాళ్లు హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్‌కి (జట్లు వరస ప్రకారం కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమానికి) వచ్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ దారిన ఎవరూ రాలేదు.

1995లో కెవిన్ గార్నెట్ వచ్చాడు. మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ అతన్ని అయిదో ఎంపికగా తీసుకుంది. వయసు 19. ఆ ఏడాదే శామ్ మిచెల్ అనే 32 ఏళ్ల ఫార్వర్డ్ అదే జట్టుకి తిరిగొచ్చాడు. మిచెల్ పెద్ద స్టార్ కాదు. గార్నెట్ ఆడే స్థానంలోనే ఆడేవాడు. అంటే కుర్రాడు ఎదిగితే తగ్గేది ఇతని నిమిషాలే. అయినా గార్నెట్‌కి దారి చూపించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మిచెల్‌దే. ఇరవై ఏళ్ల తర్వాత ఈ కథ మళ్లీ అదే ఊళ్లో నడిచింది. 2015 ఫిబ్రవరిలో మిన్నెసోటా 38 ఏళ్ల గార్నెట్‌ని వెనక్కి తెచ్చుకుంది. జట్టులో ఆండ్రూ విగ్గిన్స్, జాక్ లావీన్ ఉన్నారు, ఆ జూన్‌లో కార్ల్ ఆంథొనీ టౌన్స్ చేరాడు. వాళ్ల కోసం గార్నెట్‌తో పాటు ఆండ్రే మిల్లర్, టేషాన్ ప్రిన్స్‌లనీ తెచ్చారు. ఈ ఆలోచన కోచ్ ఫ్లిప్ సాండర్స్‌ది. ఆయన 2015 అక్టోబరులో చనిపోయాడు. ఆ సీజన్ మొత్తం తాత్కాలిక కోచ్‌గా జట్టును నడిపింది శామ్ మిచెల్. టౌన్స్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు గెలిచాడు గానీ, జట్టు మాత్రం 29 గెలిచి 53 ఓడింది. ఈ లెక్క చూపించి సీనియర్లని తెచ్చి ఏం లాభమని అడిగేవాళ్లుంటారు. ఒక్క సీజన్ గెలుపోటములతో ఈ పనిని కొలవకూడదన్నది నా వాదన. గార్నెట్ మొదటి సీజన్‌లోనూ మిన్నెసోటా గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువ.

సీనియర్ అసలు ఏం నేర్పుతాడు? షాట్ కొట్టడం కోచ్ నేర్పగలడు. పక్కన ఆడేవాడే నేర్పగలిగేవి కొన్ని ఉంటాయి. పిక్ అండ్ రోల్ అనే ఎత్తుని అడ్డుకోవడం తీసుకోండి. బంతి ఉన్నవాణ్ని కాస్తున్న మన గార్డ్ వెనక నుంచి ఇంకో ప్రత్యర్థి వచ్చి స్క్రీన్‌గా, అంటే దారికి అడ్డంగా, నిలబడతాడు. అది గార్డ్‌కి కనపడదు. వెనక బుట్ట దగ్గరుండే మన సెంటర్ గట్టిగా అరిచి చెప్పాలి: స్క్రీన్ ఎడమవైపు వస్తోందా, కుడివైపా, మనుషుల్ని మార్చుకోవాలా, తను వెనక్కి తగ్గి బుట్టని కాపాడతాడా అని. ఇదంతా సెకను కన్నా తక్కువ టైమ్‌లో జరగాలి. కుర్ర సెంటర్ మౌనంగా ఉండిపోతాడు. భయపడి కాదు, ఏ క్షణంలో ఏం చెప్పాలో ఇంకా తెలియక. పక్కన ముప్పై ఏళ్లవాడు ఒకడు రోజూ అరుస్తూ ఉంటే ఆరు నెలల్లో వీడికీ నోరు వస్తుంది. నాలుగో ఫౌల్ పడ్డాక ఎలా ఆడాలి, వరసగా మూడు మ్యాచ్‌లుంటే రెండో రాత్రి ఎంత నిద్రపోవాలి, మొదటి జీతంలో ఇంటికెంత పంపాలి వంటివి కూడా ఇలాగే తెలుస్తాయి. మన ఆటోనగర్‌లో మేస్త్రి పక్కన నిలబడే కుర్రాడు ఇంజిన్ చప్పుడు వినడం నేర్చుకునేదీ ఇలాగే.

అయితే పెద్ద పేరున్న ప్రతి సీనియర్ మంచి తోడు కాడు. 2001లో వాషింగ్టన్ విజర్డ్స్ హైస్కూల్ కుర్రాడు క్వామే బ్రౌన్‌ని మొదటి ఎంపికగా తీసుకుంది. ఆ ఏడాదే మైకేల్ జోర్డాన్ 38 ఏళ్ల వయసులో తిరిగి ఆటకొచ్చి అదే జట్టులో ఆడాడు. ఇంతకన్నా గొప్ప సీనియర్ ఎక్కడ దొరుకుతాడు? కానీ బ్రౌన్ మొదటి సీజన్‌లో సగటున 4.5 పాయింట్లే చేశాడు, మొదటి ఎంపికపై పెట్టుకున్న ఆశలు ఆ తర్వాతా తీరలేదు. జోర్డాన్‌కి అప్పుడు గెలవాల్సిన తొందర. కుర్రాడికి తప్పులు చేసే వెసులుబాటు లేకుండా పోయింది. తన ఆఖరి రోజుల కీర్తి కోసం ఆడేవాడు పక్కవాడి తప్పుల్ని ఓపిగ్గా భరించలేడని నాకనిపిస్తుంది.

హైస్కూల్ కుర్రాళ్ల రాక పెరిగేకొద్దీ లీగ్‌కి బెంగ పట్టుకుంది. ఆటగాళ్ల సంఘంతో చేసుకున్న 2005 ఒప్పందంలో కనీస వయసు 19 అని రాసుకున్నారు, 2006 డ్రాఫ్ట్ నుంచి అమలు చేశారు. ఆ తలుపు మూసుకునేముందు హైస్కూల్ నుంచి వచ్చిన చివరివాడు అమీర్ జాన్సన్, 2005లో 56వ ఎంపిక. డెట్రాయిట్ పిస్టన్స్‌లో బెన్ వాలెస్, రషీద్ వాలెస్ లాంటివాళ్ల వెనక కూర్చున్నాడు. మొదటి ఏడాది ఎన్‌బీఏలో ఆడింది మూడు మ్యాచ్‌లే. మిగతా ఆట 2001లో పుట్టిన డి లీగ్‌లో, అంటే ఎన్‌బీఏ కిందిస్థాయి లీగ్‌లో, ఆడాడు. దాన్నే ఇప్పుడు జి లీగ్ అంటున్నారు. చూసి నేర్చుకోవడం ఒకచోట, ఆడి నేర్చుకోవడం మరోచోట. ఈ పద్ధతిలో జాన్సన్ పదమూడు పద్నాలుగేళ్లు ఎన్‌బీఏలో నిలబడ్డాడు.

2020లో జి లీగ్ ఇగ్నైట్ అనే జట్టు పెట్టినప్పుడు పిలిచిన సీనియర్లలో అమీర్ జాన్సన్ ఒకడు, జారెట్ జాక్ మరొకడు. కాలేజీ వద్దనుకున్న కుర్రాళ్లని జీతమిచ్చి తీసుకోవడం, వాళ్ల చుట్టూ అనుభవజ్ఞుల్ని పెట్టడం ఆ జట్టు ఉద్దేశం. జేలెన్ గ్రీన్ 2021లో రెండో ఎంపికగా, జొనాథన్ కుమింగా ఏడో ఎంపికగా అక్కణ్నుంచే వెళ్లారు. అదే తొలి బృందంలో పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ జిల్లా కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ ఉన్నాడు. 2017లో గ్రేటర్ నోయిడాలో తెరిచిన ఎన్‌బీఏ అకాడమీ నుంచి వెళ్లినవాడు. తర్వాత అమెరికా కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకోవడానికి 2021లో అనుమతి దొరికింది. ఇక ఇగ్నైట్ అవసరం తగ్గిపోయింది. 2024లో మూసేశారు.

సీనియర్‌ని పక్కన పెట్టుకోవడం ఖర్చుతో కూడిన పని. ఎన్‌బీఏలో కనీస జీతం అనుభవాన్ని బట్టి పెరుగుతుంది. ముసలి ఆటగాళ్లని ఖరీదెక్కువని క్లబ్బులు వదిలించుకోకుండా లీగ్ ఒక ఏర్పాటు చేసింది. ఏడాది ఒప్పందం మీద కనీస జీతానికి ఆడే సీనియర్‌కి ఇచ్చే మొత్తంలో, రెండేళ్ల అనుభవం ఉన్నవాడి జీతం వరకే క్లబ్ లెక్కలోకి వస్తుంది. మిగతాది లీగ్ కడుతుంది. పెద్దరికాన్ని నోటితో పొగిడి ఊరుకోకుండా పద్దులో రాసుకున్నారు. ఈ మొత్తం చరిత్రలో మనవాళ్లు శ్రద్ధగా చదవాల్సింది ఇదేనని నేను అనుకుంటాను.

ఇక నిమిషాల సంగతి. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో అయిదుగురు. పంచుకోవడానికి 240 నిమిషాలే ఉంటాయి. గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఈ లెక్క దగ్గరే ఇరుక్కుంది. గాయాలతో 2019-20 సీజన్‌లో 15 గెలిచి 50 ఓడాక, 2020లో రెండో ఎంపికగా జేమ్స్ వైజ్‌మన్‌ని, 2021లో కుమింగానీ మోజెస్ మూడీనీ తీసుకుంది. స్టెఫెన్ కర్రీ, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్ అనే సీనియర్లతో టైటిల్ వేట ఆపకుండానే పక్కన కొత్త తరాన్నీ పెంచుతామంది. 2022లో టైటిల్ గెలిచింది కూడా. అయితే వైజ్‌మన్ కాలేజీలో ఆడింది మూడే మ్యాచ్‌లు, మోకాలి గాయంతో 2021-22 సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. అతనికి కావాల్సింది తప్పులు చేస్తూ ఆడే వందల నిమిషాలు. ప్రతి మ్యాచ్ గెలవాల్సిన జట్టు దగ్గర అవి లేవు. 2023 ఫిబ్రవరిలో అతన్ని వదులుకుంది. అదే జట్టులో 2019లో 28వ ఎంపికగా వచ్చిన జోర్డన్ పూల్ మాత్రం 2021లో జి లీగ్‌కి వెళ్లి ఆడి, పదునెక్కి తిరిగొచ్చి ఆ టైటిల్‌లో కీలకమయ్యాడు.

సీనియర్ తోడూ నిమిషాలూ రెండూ అమరిన ఉదాహరణ సీనియర్ గార్డ్ క్రిస్ పాల్‌ది. 2019-20లో ఓక్లహోమా సిటీలో కుర్రాడు షే గిల్జస్ అలెగ్జాండర్ పక్కన ఆడాడు. ఇద్దరికీ నిండా నిమిషాలున్నాయి. జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. 2025లో ఓక్లహోమా టైటిల్ గెలిచేనాటికి గిల్జస్ అలెగ్జాండరే నాయకుడు. పాల్ 2024-25లో శాన్ ఆంటోనియోలో కుర్ర స్టార్ విక్టర్ వెంబన్యామా జట్టుకి వెళ్లి, 39 ఏళ్ల వయసులో 82 మ్యాచ్‌లూ మొదటి అయిదుగురిలో ఆడాడు.

మన దేశం కథ వేరు. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ ప్రారంభించిన వైఎంసీఏ వ్యాయామ విద్య కాలేజీ దక్షిణాదిలో ఈ ఆటకి పునాది. పురుషుల జాతీయ పోటీలు 1934లో మొదలయ్యాయి. ప్రొఫెషనల్ లీగ్ మాత్రం నిలదొక్కుకోలేదు. 2015లో మొదలైన యూబీఏ (యునైటెడ్ బాస్కెట్‌బాల్ అలయన్స్) లీగ్‌లో హైదరాబాద్ జట్టు ఉండేది, ఆ లీగ్ 2017తో ఆగిపోయింది. బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యంలో ఐఎన్‌బీఎల్ (ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) 2022లో వచ్చింది. 2025లో పాతికేళ్ల లోపువాళ్ల కోసం నడిపిన దాని పోటీలో హైదరాబాద్ ఫాల్కన్స్ ఆడింది. విజయవాడ పేరు మీద, గుంటూరు పేరు మీద జట్టు లేదు.

మరి ఇన్నేళ్లుగా మన కుర్రాళ్లని ఎవరు తయారుచేశారు? రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఓఎన్‌జీసీ లాంటి డిపార్ట్‌మెంట్ జట్లు. స్పోర్ట్స్ కోటాలో చేరిన ఇరవై ఏళ్లవాడు ముప్పై అయిదేళ్లవాడి పక్కన ప్రాక్టీస్ చేస్తాడు. ఇద్దరికీ నెలజీతం వస్తుంది, ఆట ఆగినా ఉద్యోగం పోదు. అందుకే అక్కడి సీనియర్ కుర్రాణ్ని తన కడుపు కొట్టేవాడిగా చూడడు. ఎవరూ ప్రణాళిక వేసి కట్టకపోయినా, మన దేశంలో పెద్దల పక్కన పిల్లలు ఎదిగే ఏర్పాటు ఇదొక్కటే. ఓఎన్‌జీసీలో పనిచేస్తూ భారత జట్టుకి నాయకత్వం వహించిన విశేష్ భృగువంశీకి 2020లో అర్జున అవార్డు వచ్చింది.

మన రెండు ఊళ్లకీ రైల్వే డివిజన్లున్నాయి. అవి సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే దక్షిణ మధ్య రైల్వేలో ఎదిగాయి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ని 2019లో ప్రకటించారు, 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. కొత్త జోన్‌కి సొంత బాస్కెట్‌బాల్ జట్టు కావాలని ఇప్పుడే గట్టిగా అడగాలి. రాష్ట్ర క్రీడా విధానం 2024లో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచి మాట.

కానీ ఆ కోటా దాకా వెళ్లేదెవరు? మన దగ్గర పదో తరగతి అయ్యాక పిల్లాడు ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో చేరతాడు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదికి మళ్లీ స్టడీ అవర్. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) టెన్షన్, జేఈఈ టెన్షన్. పదహారు నుంచి పద్దెనిమిది దాకా బంతి ముట్టడు. శరీరం పొడవు సాగి, చేతులు బుట్టని అందుకోవడం మొదలయ్యే రెండేళ్లూ కుర్చీలో గడుస్తాయి. ఆ తర్వాత బీటెక్‌లో మళ్లీ ఆడదామన్నా, డిపార్ట్‌మెంట్ ట్రయల్స్‌లో నిలబడే స్థాయి ఉండదు. తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. ఆట అన్నం పెడుతుందని వాళ్లకి ఎవరూ చూపించలేదు.

గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది, విజయవాడ ఆంధ్ర లయోలా 1953 నాటిది. ఇంటర్, డిగ్రీ పిల్లలు ఒకే ప్రాంగణంలో చదివే ఇలాంటి పాత కాలేజీల్లో ఇంటర్ కుర్రాడికి డిగ్రీ అన్నయ్యలతో ఆడే వీలుంటుంది. ఆ వయసుల కలయిక ఇప్పుడు మైదానాల్లో తగ్గుతోంది. అకాడమీలు పదేళ్లవాళ్లకి ఒక బ్యాచ్, పదహారేళ్లవాళ్లకి ఒక బ్యాచ్ అని విడదీస్తున్నాయి. ఫీజుల లెక్కకి అది సులువే. కానీ సాయంత్రం ఒక గంటైనా అందరూ కలిసి ఆడాలి.

జిల్లా సంఘాలకి నేను చెప్పదలచుకున్నది ఇదీ. జట్టులో పన్నెండు మంది. రెండు చోట్లు పద్దెనిమిది లోపువాళ్లకి రాసిపెట్టండి. మన మ్యాచ్ అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 40 నిమిషాలు, అంటే పంచుకోవడానికి 200. అందులో 30 నిమిషాలు ఆ ఇద్దరికీ తప్పనిసరి చేయండి, మ్యాచ్ చేజారుతున్నా సరే. వాళ్లతో పాటు కోర్టులో ఎప్పుడూ ఒక సీనియర్ ఉండేలా చూడండి. ఆ సీనియర్‌కి బస్సు చార్జీ, భోజనం, రోజుకింత అని భత్యం సంఘం ఖాతాలోంచే ఇవ్వండి. దీనికి లీగ్ రానక్కర్లేదు, స్పాన్సర్ రానక్కర్లేదు. వచ్చే సెలక్షన్స్‌లోపు కార్యవర్గం ఒక తీర్మానం చేస్తే చాలు.