గాలి పంకా, గంట తీగ: భూగర్భ గనుల రక్షణ నిబంధనల నేపథ్యం

భూగర్భ బొగ్గు గనిలో దిగిన మనిషికి మండే వాయువైన మీథేన్‌ను పలుచన చేసే గాలి ఎంత అవసరమో, తన అవస్థను పైన ఉండి మనుషుల్ని దించి ఎత్తే ఇంజన్ డ్రైవరుకు తెలిపే సిగ్నల్ అంతే అవసరం. 1855లో బ్రిటన్ చేసిన గనుల చట్టంలోని ఏడు సాధారణ నియమాల్లో ఈ రెండూ ఉన్నాయి. అయితే వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని అంశాలుగానే రాశారు. పైగా గాలి ‘తగినంత’ ఉండాలన్నారే తప్ప ఎంతో చెప్పలేదు.

1862 జనవరిలో ఇంగ్లండులోని హార్ట్‌లీ గనిలో పంపు ఇంజన్ దూలం విరిగి, ఉన్న ఒకే ఒక షాఫ్ట్‌లో (గనిలోకి దిగే నిలువు బావిలో) పడింది. చెక్క అడ్డుగోడతో రెండుగా విభజించిన ఆ షాఫ్టే గాలికీ మనుషులకీ దారి కావడంతో, రెండూ ఒక్కసారిగా మూసుకుపోయి 204 మంది మరణించారు. ప్రతి గనికీ కనీసం రెండు షాఫ్టులుండాలన్న నియమం అదే ఏడాది వచ్చింది.

గాలికీ సిగ్నల్‌కీ ఉన్న చుట్టరికం బయటపడింది మాత్రం సౌత్ వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో. అక్కడ 1901లోనే పేలుడు జరిగి 81 మంది చనిపోయారు. లోపల మంట చెలరేగితే విషవాయువు కార్మికుల వైపు సాగకుండా గాలి ప్రవాహాన్ని వెనక్కి తిప్పగల ఏర్పాటు ఉండాలని 1911 చట్టం ఆదేశించి, 1913 జనవరిని గడువుగా పెట్టింది. ఈ గనికి ఆ గడువును సెప్టెంబరు దాకా పొడిగించారు, అయినా పని పూర్తి కాలేదు. అక్టోబరు 14 ఉదయం మీథేన్, బొగ్గు ధూళి పేలాయి. గాలిని తిప్పే వీలు లేకపోయింది. 439 మంది కార్మికులు, ఆ తర్వాత రక్షణకు దిగిన మరొకరు ప్రాణాలు కోల్పోయారు. నిప్పు ఎక్కడ పుట్టిందో విచారణలో నిర్ధారణ కాలేదు గానీ, గంట మోగించడానికి తొడుగు లేని రెండు తీగలను తాకించే సిగ్నల్ పద్ధతిలో ఎగిరే మెరుపు మీద బలమైన అనుమానం పడింది. చివరికి మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా పడ్డాయి. ఈ అంకెలు చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

దరిమిలా ఆర్.వి. వీలర్ వంటి పరిశోధకులు బ్యాటరీ గంటల తీగల్లోని మెరుపు వాయువును ఎప్పుడు అంటించగలదో పరీక్షించారు. వాయువును అంటించేంత శక్తి సర్క్యూట్‌లోనే లేకుండా చూడాలన్న ‘ఇంట్రిన్సిక్ సేఫ్టీ’ సూత్రానికి పునాది పడింది అక్కడే.

మన దేశంలో, 1897లో కోలార్ బంగారు గనిలో 52 మంది, ఆ రోజుల్లోనే ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది మరణించాక 1901లో తొలి గనుల చట్టం వచ్చింది. ‘తగినంత’ అన్న మాటకు 1957 బొగ్గు గనుల నిబంధనలు లెక్క కట్టాయి: షిఫ్టులోని ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు లేదా రోజువారీ ఉత్పత్తిలో టన్నుకు 2.5 ఘనపు మీటర్లు, వీటిలో ఏది ఎక్కువైతే అది. బయటికి మళ్లే గాలిలో మీథేన్ 0.75 శాతానికి, ఎక్కడైనా సరే 1.25 శాతానికి మించరాదు. తడి బల్బు ఉష్ణోగ్రత (గాలిలోని వేడినీ తేమనూ కలిపి చూపే కొలత) 33.5 డిగ్రీలు దాటరాదన్న నియమం విలువ సింగరేణి బొగ్గు బాయిలో ఉక్కపోతకు తడిసి పైకొచ్చిన వారికి వివరించనక్కర్లేదు.

అయితే 1952 గనుల చట్టంలోని 83వ సెక్షన్ మినహాయింపులిచ్చే అధికారాన్ని కేంద్రానికి అప్పగించింది. సెంగెనిడ్‌లో లోపించింది నియమం కాదు, గడువు పొడిగింపే దాన్ని పనికిరాకుండా చేసింది. చట్టం సారాంశాన్ని కార్మికుల భాషలో గని దగ్గర అంటించాలని అదే చట్టం చెప్పింది కనుక, గాలికీ సిగ్నల్‌కీ సంబంధించి ఇచ్చే ప్రతి సడలింపునూ కారణంతో, గడువు తేదీతో సహా తెలుగులో ఆ బోర్డు మీదే పెట్టాలి.