కాడ కోసిన విరుగుడు: గుర్రం మందు గొడవ వెనుక కథ

ఉభాలు (వరి నాట్లు) మొదలైతే చాలు, శ్రీకాకుళం జిల్లాలో పాముకాటు మందు మీద పాత గొడవ మళ్లీ లేస్తుంది. "సిస్టరమ్మా, అది గుర్రం మందంట కదా, రియాక్షన్ వస్తాదంట. మావోడికి వద్దు" అంటూ వంశధార ఆయకట్టు ఊళ్ల నుంచి వచ్చిన బంధువులు మంచానికి అడ్డం నిలబడతారు. ఈమధ్య దీనికి ఇంకో ప్రశ్న తోడైంది. ల్యాబుల్లో మనిషి యాంటీబాడీలే (విషాన్నో, క్రిమినో పట్టుకునే రక్తంలోని ప్రొటీన్లు) తయారవుతుంటే మనకింకా గుర్రాలెందుకు?

గుర్రానికి విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, దాని రక్తం నుంచి విరుగుడు తీస్తారన్నది తెలిసిందే. అసలు మలుపు 1959లో వచ్చింది. ఆ ఏడాది బ్రిటిష్ శాస్త్రవేత్త రోడ్నీ పోర్టర్ కుందేలు యాంటీబాడీని పపైన్‌తో కోశాడు. పచ్చి బొప్పాయికి గాటు పెడితే కారే పాలలో ఉండేది ఆ ఎంజైమే. మూడు ముక్కలొచ్చాయి. రెండు ముక్కలు యాంటీబాడీ పట్టుకోవాల్సిన శత్రు పదార్థాన్ని పట్టుకున్నాయి, మూడోది పట్టుకోలేదు. యాంటీబాడీకి రెండు చేతులు, కింద ఒక కాడ ఉంటాయనుకోండి. చేతులు విషాన్ని పట్టుకుంటాయి. కాడ ఒంట్లోని రక్షణ కణాలను, కాంప్లిమెంట్ ప్రొటీన్లను (రక్తంలో ఉండే రక్షణ ప్రొటీన్లు) పిలుస్తుంది.

మరుసటి ఏడాది నిసనాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త పెప్సిన్‌తో (కడుపులో ప్రొటీన్లను అరిగించే ఎంజైము) కోస్తే కాడ పోయి, చేతులు రెండూ జంటగా మిగిలాయి. మందుల తయారీలో పెప్సిన్ అప్పటికే ఉంది. కానీ ఏం పోతోందో, ఏం మిగులుతోందో స్పష్టమైంది ఆ కోతలతోనే. ఈరోజు మన ఆసుపత్రుల్లో ఎక్కించేది ఈ కాడ తీసేసిన మందే. దాంతో రియాక్షన్ తగ్గింది కానీ పోలేదు, ఎందుకంటే ఆ చేతులూ గుర్రానివే.

అక్కడి నుంచి పని కోయడం దాటి అతకడానికి మారింది. 1984లో ఎలుక యాంటీబాడీ చేతుల పైభాగాలను మనిషి యాంటీబాడీకి అతికారు. 1986లో బ్రిటిష్ శాస్త్రవేత్త గ్రెగ్ వింటర్ బృందం ఎలుక చేతుల చివర శత్రు పదార్థాన్ని తాకే మెలికలను మాత్రమే మనిషి యాంటీబాడీలోకి మార్చింది. మరుసటి ఏడాది ఒకే చేతులకు రకరకాల మనిషి కాడలు తగిలించి, ఏ కాడ కాంప్లిమెంట్‌ను బాగా పిలుస్తుందో పోల్చి చూశారు. ఏ భాగానిది ఏ పనో ఊహించడం కాదు, మార్చి చూసి తేల్చడం అంటే ఇదీ.

2024లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ, బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్తలు ప్రకటించిన 95మ్యాట్5 ఆ దారిలోదే. అది మనిషి రకం యాంటీబాడీ. నాగుపాము, కట్లపాము జాతుల విషాల్లో నరాలను పట్టేసే ఒక రకం టాక్సిన్ ఉంటుంది. మన కండరాల మీద ఆ టాక్సిన్ అతుక్కునే గ్రాహకం (నరాల సందేశాన్ని అందుకునే ప్రొటీన్) ఎలా ఉంటుందో, ఈ యాంటీబాడీ మెలిక ఒకటి అచ్చం అలాగే ఉంది. టాక్సిన్ వచ్చి దాన్నే పట్టుకుంటుంది. ఎలుకలు బతికాయి.

ఇక డాక్టర్లు చెప్పే మాట. 95మ్యాట్5 రక్తపింజర విషం మీద పనిచేయదు. దేశంలో పాముకాటు చావుల్లో పెద్ద వాటా రక్తపింజరదే, 2000 నుంచి 2019 వరకు మొత్తం చావులు 12 లక్షలని అంచనా. కాబట్టి విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే ఇప్పటికి గుర్రం మందే. టెస్ట్ డోస్ అక్కర్లేదు, రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా ఉండాలి. తెల్లటి పొడి ఉన్న సీసాలో నీళ్లు పోసి, నురగ రాకుండా అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తుంది నర్సు. అలాంటివి పది సీసాలు, మొదటి విడతకే.