నారే నడిచి వెళ్లి నాటుకుంటే

బుజ్జికీ, చిన్నోడికీ,

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి ఒక ప్రశ్న అడిగింది. "తాతా, కంగారూ పిల్ల సంచిలోనే పుడుతుందా, బయట పుట్టి లోపలికి పోతుందా? పోతే దాన్ని లోపల ఎవరు పెడతారు?" అంది. అంతలో సిగ్నల్ పోయింది. నా మొహం తెర మీద నోరు తెరుచుకుని అట్లాగే ఆగిపోయిందని మీ అమ్మ తర్వాత మెసేజ్ పెట్టింది. నిజం చెప్పాలంటే సిగ్నల్ పోకపోయినా నా మొహం అట్లాగే ఉండేది. ఆ తర్వాత నలుగురినీ అడిగాను, కొంత కళ్లారా చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మెల్‌బోర్న్‌లో బండి అద్దెకు తీసుకుని బయల్దేరి ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. ఇప్పుడు అడిలైడ్‌కు ఉత్తరాన 430 కిలోమీటర్ల దూరంలో, ఫ్లిండర్స్ రేంజెస్ అనే ఎర్ర కొండల్లో, విల్పీనా పౌండ్ పక్కన ఆగి ఉన్నాం. చుట్టూ కొండలు అంచు కట్టిన పెద్ద పళ్లెంలా ఉంటుంది ఈ చోటు. ఇక్కడి ఆదివాసులు దీన్ని ఇకరా అంటారు. అంటే కలుసుకునే చోటు. ఎర్రమట్టి, ముళ్లపొదలు, ఎండిన వంక చూస్తే నాకు మన అనంతపురంలో ఉన్నట్టే ఉంది. చెట్లు మాత్రం వేరు, యూకలిప్టస్ జాతివి చాలా ఉన్నాయి. చిన్నోడా, బండిలోనే పొయ్యి, సింకు, పగలు కూర్చునే సీట్లు రాత్రికి మంచం. కుక్కర్ విజిల్ వేస్తే పక్క బండిలోని ముసలాయన బయటికి పరుగెత్తుకొచ్చాడు. ఇక్కడా మనలాగే ఎడమ పక్కన నడపాలి కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు. పొద్దు గూకాక మాత్రం నడపొద్దని బండి ఇచ్చినవాళ్లు ముందే సంతకం చేయించుకున్నారు. కంగారూలు మేతకు దిగేది ఆ వేళకే.

ఇక ప్రశ్నకు వస్తాను. బుజ్జీ, నువ్వు వరి నాట్లు చూశావు కదా. ముందు చిన్న మడిలో నారు పోస్తారు. నెల రోజులకు నారు పెరికి, కట్టలు కట్టి, పెద్ద మడిలో నాటుతారు. కంగారూ చేసేది సరిగ్గా ఇదే. దాని కడుపు నారుమడి, సంచి పెద్ద మడి. ఎర్ర కంగారూ కడుపులో పిల్ల ఉండేది 33 రోజులే, అంటే మన నారు వయసే. అప్పటికి అది రెండు సెంటీమీటర్లు ఉంటుంది. బరువు గ్రాము కూడా ఉండదు. మన వేరుశనక్కాయ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడు, పొడవు అంతే. తల్లి చూస్తే 30 కిలోలు. పిల్లకు కళ్లుండవు, చెవులుండవు, ఒంటి మీద వెంట్రుక ఉండదు, వెనక కాళ్లు మొటిమల్లా ఉంటాయి. ముందు కాళ్లకు మాత్రం గోళ్లు వచ్చి ఉంటాయి.

మరి ఈ నారును ఎవరు నాటుతారు? నువ్వు అడిగింది అదే కదా. ఎవరూ నాటరు! తల్లి తోకను రెండు కాళ్ల మధ్య నుంచి ముందుకు జాపుకుని వెనక్కి చేరగిల కూర్చుంటుంది. అంతకు మించి చెయ్యి వెయ్యదు. ఆ వేరుశనక్కాయంత పిల్ల, పుట్టిన నిమిషంలోనే, కళ్లు లేకుండా, ఆ ముందు గోళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని ఒక్కో పట్టు పైకి పాకుతుంది. నాలుగైదు నిమిషాల్లో సంచి అంచు ఎక్కి లోపలికి దిగుతుంది. మా ఊళ్లో నలభై మంది ఆడవాళ్లు నడుములు వంచి రోజంతా చేసే పని, ఇక్కడ నారే లేచి నడిచి వెళ్లి చేసుకుంటోంది. దీన్ని ఎట్లా వివరించాలో నాకు చేతకాదు. నేనైతే విన్నాక కాసేపు టీ తాగకుండా కూర్చున్నాను.

లోపల నాలుగు చన్నులుంటాయి. ఒకదాన్ని నోట కరుచుకుంటుంది. ఆ చన్ను మొన పిల్ల నోట్లో ఉబ్బి బిగుసుకుంటుంది. ఇక కొన్ని నెలలు అది వదిలేది లేదు. నాటిన పది రోజులకు నారు వేరు పట్టుకుంటుంది చూడు, అట్లాగన్నమాట. అప్పుడు పీకితే వేరు తెగుతుంది.

ఈ పీకడం గురించి నాకు బాగా తెలుసు. నాకు ఏడేళ్లప్పుడు చెరువు కింద మా మడిలో నాట్లు వేస్తుంటే, నాకూ కావాలని ఏడిస్తే, మా నాయన ఒక మూల మంచమంత చోటు ఇచ్చాడు. నా చేత్తో నేనే నాటాను. తెల్లారి బడికి పోతూ వెళ్లి, వేరు పట్టుకుందో లేదో చూద్దామని ఒక మొక్క పీకాను. పట్టుకోలేదు. మళ్లీ గుచ్చాను. సాయంత్రం ఇంకోటి. అట్లా వారం రోజులు పొద్దునా సాయంత్రం పీకి చూసి గుచ్చాను. మడంతా పచ్చబడింది, నా మూల మాత్రం పసుపుపచ్చగా మాడిపోయింది. నాయన కొట్టలేదు, తిట్టలేదు. కొత్త నారు తెచ్చి అక్కడ వెయ్యనూ లేదు. కోతల దాకా మంచమంత ఆ బోడి చోటు రోజూ గట్టు మీద నుంచి నాకు కనబడుతూనే ఉండింది. రెండు దెబ్బలు వేసుంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. మీరూ పరీక్ష రాసొచ్చి మార్కుల కోసం పొద్దునా సాయంత్రం పీకి చూసుకునే రకమే, నాకు తెలుసు.

ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడికి వస్తున్న రోజు పొద్దున, హాకర్ అనే చిన్న ఊరు దాటాక, రోడ్డు పక్కన ఒక కంగారూ పడి ఉంది. రాత్రి ఏదో లారీ కొట్టినట్టుంది. దాని మీద పెద్ద గద్ద, రెక్కలు విప్పితే రెండు మీటర్ల పైనే. బండి దగ్గరికి వచ్చినా తొందరగా లేవలేక బరువుగా ఎగిరింది. నేను ఆపాను. మా వెనకే ఒకావిడ ట్రక్కు ఆపి దిగింది. ముందు కంగారూను తోక పట్టి రోడ్డుకు దూరంగా లాగింది, తినడానికి వచ్చే గద్దలు కూడా బండ్ల కింద పడకుండా. తర్వాత చేతికి తొడుగు వేసుకుని కంగారూ సంచిలో చెయ్యి పెట్టింది. ఆడదైతే సంచి చూడకుండా వెళ్లకూడదట.

లోపల పిల్ల ఉంది. నా అరచేయంత, గులాబీ రంగులో, చెవులు వెనక్కి అతుక్కుని, కనుగుడ్లు చర్మం కింద నల్లగా కనబడుతూ. ప్రాణం ఉంది. నోట్లో చన్ను. నేను గబుక్కున చెయ్యి చాపాను, తీద్దామని. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. లాగితే పిల్ల నోరు చీరుకుపోతుందట. అరవై ఆరేళ్లొచ్చినా నా చెయ్యి ఇంకా పీకడానికే పోతోంది చూడండి! ఆవిడ చిన్న కత్తెర తీసి, తల్లి వైపు చన్ను మొదట్లో కత్తిరించి, నోట్లో ముక్క నోట్లోనే ఉంచి పిల్లను తీసింది. మెత్తటి గుడ్డ సంచిలో వేసింది. వెచ్చగా ఉండాలి అంది. అంతే, మీ అవ్వ నా నెత్తి మీది మంకీ క్యాప్ ఊడబెరికి ఇచ్చింది. గుడ్డ సంచి క్యాప్‌లోకి, క్యాప్ ఆవిడ కోటు లోపలికి పోయాయి. ఇట్లాంటి అనాథ పిల్లల్ని ఇంట్లో గుడ్డ సంచుల్లో వేలాడదీసి, సీసాతో పాలు పట్టి పెంచేవాళ్లు ఈ దేశంలో ఊరూరా ఉన్నారు, దానికి లైసెన్సు తీసుకుని మరీ. ఆ రోజు నుంచి రాత్రుళ్లు నా చెవులు గడ్డకడుతున్నాయి, ఆ సంగతి అవ్వను అడగండి.

ఇంకా ఉంది. మా అవ్వ కంది విత్తనాలు కుండలో పోసి, బూడిద కలిపి, మూతి పేడతో మెత్తి అటక మీద పెట్టేది. వాన పడి నేల పదునయ్యేదాకా ఆ కుండ దిగేది కాదు. కంగారూ దగ్గరా అట్లాంటి కుండ ఉంది. ఒక పిల్ల సంచిలో పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ కడుపుతో అవుతుంది. కానీ ఆ రెండో పిల్ల ఓ వంద కణాల ముద్ద దగ్గరే ఆగిపోతుంది. చావదు, పెరగదు. సంచిలోని పిల్ల ఎనిమిది నెలలకు శాశ్వతంగా బయటికి వచ్చే రోజులు దగ్గరపడ్డాక కుండ మూత తీసినట్టు మళ్లీ పెరగడం మొదలవుతుంది. (వరికి ఎనిమిది నెలలు ఎక్కడివి అనకండి. కంది అనుకోండి.) సంచిలో పిల్ల మధ్యలోనే చనిపోతే, నెల తిరిగేసరికి ఆ ఆగినది పుట్టి వచ్చి సంచి చేరుతుంది. కరువు బాగా ముదిరితే అసలు ఈనడమే మానేస్తుంది. వాన పడ్డాక మళ్లీ మొదలు. అంటే ఒకే తల్లికి ఒకే సమయంలో కుండలో విత్తనం, మడిలో నారు, కళ్లంలో పంట.

ఇది చదివి వినిపిస్తే మీ అవ్వకు కోపం వచ్చింది. "అది తల్లా, మీ నాయన పొలమా? మీకు పైరు తప్ప ఇంకేం కనబడదా? పాల సంగతి రాశారా?" అంది. రాస్తున్నా. బయట తిరిగే పెద్ద పిల్ల కూడా తల సంచిలో దూర్చి తన పాత చన్నే వెతుక్కుని తాగుతుంది. దాంట్లో వెన్న ఎక్కువున్న చిక్కటి పాలు వస్తాయి. పక్క చన్నుకు కరుచుకున్న పసిదానికి పలచటి పాలు. ఒకే పొదుగులో ఒక పక్క ఎనుముపాలు, ఒక పక్క నీళ్లపాలు, ఒకే గంటలో. ఇద్దరు పిల్లల్ని పెంచిన మీ అవ్వ ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. నా నాట్ల లెక్కలో దీనికి చోటు దొరకలేదని ఒప్పుకుంటున్నాను.

వాంబాట్ అని బొరియల్లో ఉండే ఇంకో సంచి జంతువు ఉంది. దాని దగ్గరైతే నా లెక్క పూర్తిగా తప్పింది. దాని సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. బొరియ తవ్వేటప్పుడు మన్ను పిల్ల మీద పడకుండా. (అది వేసే పెంటికలు నాలుగు పలకలుగా ఉంటాయి, చిన్నోడా, పచ్చీసు పాచికల్లా. నిజం.) మెల్‌బోర్న్ నుంచి వచ్చే దారిలో గ్రేట్ ఓషన్ రోడ్ అని సముద్రం అంచునే 240 కిలోమీటర్లు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా ఎక్కువగా గడ్డపారలు, పారలతోనే తొలిచారు దాన్ని. అక్కడ చెట్టు కొమ్మ మీద కోఆలా నిద్రపోతోంది. దాని సంచి మూతీ కిందకే ఉంటుంది, పైగా చెట్లెక్కే జంతువు! పిల్ల జారిపోదా అంటే, మూతి చుట్టూ కండ లంగా నాడాలా బిగుసుకుంటుందట.

నిన్న ఒక ఈము పక్షి ఏడు చారల పిల్లల్ని వెంటేసుకుని మా బండి ముందు రోడ్డు దాటింది. ఒక్కో పిల్లా ఆగి ఏదో పొడుచుకుని తిని, తీరిగ్గా నడిచింది. నేను ఇంజను ఆపేశాను. మీ అవ్వ "తల్లి ఎంత ఓపిగ్గా ఉందో" అంది. అది తల్లి కాదు, తండ్రి. ఎనిమిది వారాలు తిండి మానేసి గుడ్లు పొదిగేదీ, తర్వాత పిల్లల్ని తిప్పేదీ మగదే. ఈ ఒక్క సంగతి మీ అవ్వకు చెప్పడానికి నాకు భలే సరదా వేసింది.

మన దేశంలో సంచి జంతువులు లేవు. కానీ మీరు ఒకటి చూడొచ్చు. ఇప్పుడు వానలు పడుతున్నాయి కదా, చీకటి పడ్డాక చెప్పులు వేసుకుని, టార్చి నుదుటికి ఆనించి పట్టుకుని, ఇంటి వెనక గడ్డిలోకి వేసి చూడండి. చిన్న పచ్చటి మెరుపు చుక్కలు కనిపిస్తే అవి నేల మీద తిరిగే సాలీళ్ల కళ్లు. ఇవి గూడు అల్లి కూర్చునే రకం కాదు. మెల్లగా దగ్గరికి పోండి. ఏదో ఒకదాని వెనక తెల్లటి గుండ్రటి మూట కనబడుతుంది, అందులో గుడ్లుంటాయి. పిల్లలు బయటికి వచ్చాక అన్నీ తల్లి వీపెక్కి కూర్చుంటాయి. ఒకదాన్ని గుర్తుపెట్టుకోగలిగితే మూట ఎన్ని రోజులు మోసిందో లెక్కపెట్టి నాకు రాయండి. మూట మాత్రం లాగి చూడొద్దు.

మీ తాత