బాలింతకు నీళ్ళు కొలిచి ఇవ్వకండి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ వైపు పచ్చి బాలింతకు నీళ్ళు కొలిచి ఇచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పూటకో చిన్న గ్లాసు, అదీ కాచి చల్లార్చినవి. ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని భయం. "మేమంతా ఇట్లనే లేచినం, మాకు పాలు తక్కువైనయా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు.

పాలు తగ్గకపోవచ్చు, నిజమే. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్ళే, పాలు బాగా పడ్డాక రోజుకు ముప్పావు లీటరు దాకా వస్తాయి, తల్లి సరిపడా తాగకపోయినా శరీరం తన ఒంట్లో ఉన్న నీటిలోంచే ముందు బిడ్డకు పంపిస్తుంది. లోటు పడేది తల్లికి. మూత్రంలో మంట, మలబద్ధకం, తలనొప్పి. పైగా కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తం మామూలు కంటే తేలిగ్గా గడ్డకడుతుంది, నీళ్ళు తాగకుండా మంచం దిగకుండా ఉంటే కాలి పిక్కలో గడ్డ కట్టే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇక పొట్ట జారేది సాగిన కండరాల వల్ల, నీళ్ళ వల్ల కాదు.

కాన్పు నాటికి కిలో దాకా ఉండే గర్భసంచి ఆరు వారాల్లో వంద గ్రాముల లోపుకి వచ్చేస్తుంది. బిడ్డ రొమ్ము పట్టినప్పుడల్లా ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, అందుకే పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెడుతుంది. రెండో కాన్పులో ఈ నొప్పి ఇంకా ఎక్కువ. ముర్రుపాలు పిండి పారబోసి బిడ్డను ఆలస్యంగా రొమ్ముకు పెడితే బిడ్డకే కాదు తల్లికీ నష్టం, రక్తస్రావాన్ని అదుపులో పెట్టేది ఈ ముడుచుకోవడమే కదా.

పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మీదే నెట్టుకొస్తే పోయిన రక్తం ఎట్లా పడుతుంది? పప్పు, ఆకుకూర, గుడ్డు, ప్రాణహిత చేప, అన్నీ పెట్టొచ్చు. ఐరన్ మాత్ర కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి, టీతో మాత్రం వద్దు.

మన గడ్చిరోలి జిల్లాలోనే డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని తేలింది, 1989లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అంతమంది చెప్పుకోకుండా ఓర్చుకున్నారు! పదేళ్ళ తర్వాత రాణీ బంగ్, ఆమె భర్త డాక్టర్ అభయ్ బంగ్ ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసిబిడ్డల్ని చూసుకుంటే మరణాలు ఎంతగానో తగ్గుతాయని చూపించారు. ఈరోజు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావడానికి మూలం అక్కడే ఉంది.

మన దగ్గర చిక్కల్లా ఏమిటంటే, పేరు నమోదయ్యేది ఇక్కడ, పురుడు మాత్రం గోదావరి అవతల, తెలంగాణలోని తల్లిగారింట్లో. ఇక్కడి ఆశా "అక్కడ చూస్తారులే" అనుకుంటే, అక్కడి ఆశాకు కబురే లేకపోతే, ఆశా రావాల్సిన ఆ ఆరు రోజులూ ఎవరి లెక్కలోనూ ఉండవు. గంటలోనే ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరంతో పాటు దుర్వాసన ఉన్నా, తల పగిలేంత నొప్పితో చూపు మసకబారినా, ఒక పిక్క వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయాలి, పొద్దున చూద్దాం అనుకోవద్దు. మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం మామూలే, కానీ రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా అది జబ్బే, మందుంది, డాక్టర్‌కు చెప్పాలి. తల్లిగారింటికి బయల్దేరే రోజే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు సంచిలో పెట్టుకుని, రెండు ఊళ్ళ ఆశాల ఫోన్ నంబర్లు ఒకరివి ఒకరికి ఇచ్చేయండి.